బావ బిగించిన నట్టు

వచ్చే నెల నుంచి టోకు మార్కెట్టు షెడ్డులోకి పెట్రోలు బండ్లనూ డీజిలు బండ్లనూ రానివ్వబోమని గేటుకు కాగితం అంటించారు. రేకుల కింద పొగ కమ్మేసి మూటలు మోసేవాళ్ళు దగ్గలేక చస్తున్నారట. గ్యాసు బండ్లకు మాత్రం అడ్డులేదు. డ్రైవరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, భార్యకు చెప్పాడు.

"మన బండికి గ్యాసుందిగా," అంది ఆవిడ, బట్టలు మడతపెడుతూనే.

ఉన్నమాట నిజమే. దాన్ని వాడి తొమ్మిదేళ్ళయింది.

కూతురు పుట్టకముందు కొన్న ట్రక్కు అది. అందుకే ఇంట్లో దాన్ని పెద్దమ్మాయి అంటారు. కొన్నేళ్ళ తర్వాత దానికి గ్యాసు కిట్టు బిగించింది ఆవిడ తమ్ముడు. ఏ జాయింటు బిగించినా సబ్బునీళ్ళు పూసి, బుడగ లేస్తుందేమోనని రెప్ప వెయ్యకుండా చూస్తాడు కనుక షాపులో అతనికి నురగ అని పేరు పెట్టారు. అక్క కూడా ముద్దొచ్చినప్పుడు అలాగే పిలిచేది. బావగారి బండి అని నాలుగు రోజులు దాని కిందే పడుకుని, పైపు వంపులన్నీ కొలిచి మరీ చేశాడు.

ఆరు నెలలు బండి గ్యాసు మీద హాయిగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే డ్రైవరు ఇంజను వేసి, ఐదేళ్ళ కూతుర్ని సీట్లో కూర్చోబెట్టి, చెప్పుల కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బండి బుస్సుమంటోంది. వీధంతా గ్యాసు వాసన. పిల్లను లాగి భార్య చేతికిచ్చి, ఇంజను ఆపి, సిలిండరు వాల్వు మూసేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇరుగూ పొరుగూ పోగయ్యారు. తమ్ముడు పరుగెత్తుకుంటూ వస్తే, అందరి ముందూ ఆవిడ, "నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చావు కదరా. ఇంకెప్పుడూ ఈ బండి మీద చెయ్యి వెయ్యకు," అంది. అతను లీకైన జాయింటు వైపు చూసి, "సరిగ్గా బిగించలేదేమో అక్కా," అని తలవంచుకుని వెళ్ళిపోయాడు. తర్వాత బండ్ల పనే మానేసి, ఒక ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర కుదిరాడు. అక్క ఇంటికి వస్తాడు, పెట్టింది తింటాడు, మేనకోడలితో నవ్వుతూ మాట్లాడతాడు. బండి ఉన్న వైపుకు మాత్రం వెళ్ళడు.

అసలు సంగతి డ్రైవరు ఒక్కడికే తెలుసు. ఆ ముందురోజు పైపు దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంటే, ఈ మాత్రానికి నురగను పిలవడమెందుకని తనే పెద్ద పానా పెట్టి నట్టును శక్తికొద్దీ బిగించాడు. చప్పుడు ఆగింది. తెల్లారి బుస్సుమంది. భార్య తమ్ముణ్ణి అన్ని మాటలంటుంటే నోరు పెగల్లేదు. సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రం రేపనుకున్నాడు. నెల గడిచాక, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక మానేశాడు.

"ఎవరినైనా మెకానిక్కును చూస్తాలే," అన్నాడు ఇప్పుడు.

"ఎవరో ఎందుకు? మా తమ్ముణ్ణి పిలుస్తా. వాడు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోవద్దు." ఆవిడ మడతపెట్టిన చొక్కాను విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆ రోజు నేను అన్న మాటలు నాకే గుచ్చుకుంటున్నాయండీ. ఏ మొహంతో అడగాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు వంక దొరికింది."

అక్క పిలిచిందనేసరికి నురగ పాత పనిముట్ల సంచితో దిగాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చట్రం మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత పనిలో పడ్డాడు.

ముందు సిలిండరు విప్పి పరీక్షకు పంపారు. లోపల తుప్పు లేదని, ఇంకా కొన్నేళ్ళు గట్టిగా ఉంటుందని, మెడ మీద కొత్త తారీఖు పొడిచి తిరిగిచ్చారు. గ్యాసు నింపే మూతి దుమ్ముతో బిగుసుకుపోయింది. గాలి పోయే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. నురగ దాన్ని పుల్లతో మెల్లగా తవ్వి తీసి, "అద్దె లేకుండా ఉన్నట్టున్నారు బావా," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. రెగ్యులేటరు విప్పితే లోపలి రబ్బరు పొర చెప్పు అట్టలా గట్టిపడింది. దాన్నీ, వాషర్లన్నిటినీ, బీటలువారిన నీళ్ళ గొట్టాన్నీ మార్చాడు. స్విచ్చు తీగల్ని ఎలుకలు కొరికితే కొత్తవి లాగాడు.

డ్రైవరు దగ్గరే ఉండి అడిగింది అందిస్తూ వచ్చాడు. పైపు మీద వేలు ఆనించి వంపు చూసుకునే నురగను చూస్తుంటే, ఈ చేతుల్ని తొమ్మిదేళ్ళు బాయిలరు దగ్గర కట్టిపడేసింది నేనేగా అనిపించింది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఒక్క జాయింటు మిగిలింది. నురగ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. పానా తీశాడు, కింద పెట్టాడు.

"బావా, ఈ ఒక్కటీ ఇంకెవరితోనైనా బిగించుకోండి."

"ఏమైందిరా?"

"ఇక్కడికొచ్చేసరికి నా చెయ్యి మీద నాకు నమ్మకం కుదరట్లేదు. ఆ రోజు ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలీదు. రాత్రిళ్ళు పడుకుని ఎన్నిసార్లు బిగించుకున్నానో దీన్ని, మనసులో."

డ్రైవరు అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"నువ్వు తప్పు చెయ్యలేదురా. ముందురోజు చప్పుడొస్తోందని నేనే పానా వేసి తిప్పాను. బలమంతా పెట్టి తిప్పాను."

నురగ బావ వైపు చూడలేదు. పానా అందుకుని నట్టు విప్పి, వెలుతుర్లోకి పెట్టి చూశాడు. నట్టు మూలలు అరిగి ఉన్నాయి. పైపుకు తొడిగిన సన్న రింగు ఒకవైపు నలిగి చీలింది.

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

నురగ నట్టును గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. పనిముట్లు సంచిలో సర్దుకుని, గేటు దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. టీ గ్లాసుతో బయటికొచ్చిన భార్య, "వీడేడీ?" అంది.

డ్రైవరు ఆ గ్లాసు చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుని, మొదట్నుంచీ చెప్పాడు. ఏదీ దాచుకోలేదు. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి.

"వాడు నాకు తోడబుట్టినవాడండీ," అంది చివరికి. "వాణ్ణి నా చేత అనిపించారు."

ఉన్నపళంగా తమ్ముడి ఇంటికి నడిచి వెళ్ళింది. దీపాలు పెట్టాక తిరిగొచ్చింది. కంచం పెట్టి, కూర వడ్డించి, పక్కకు తిరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి నురగ వచ్చాడు. కొత్త నట్టు, కొత్త రింగు తెచ్చాడు. వాటిని పైపుకు తొడిగి, జాయింటు కూర్చి, పానా తీసి బావ చేతిలో పెట్టాడు.

"మీరే బిగించండి."

"నేనా? నేను బిగిస్తే ఏమైందో చూశావుగా."

"అందుకే. ముందు చేత్తో ఆగేదాకా తిప్పండి. ఆ... ఇప్పుడు పానా పెట్టండి. ఒక చుట్టు. మెల్లగా. ఇంకో పావు." బావ మణికట్టు మీద తన చెయ్యి వేశాడు. "చాలు. ఇక్కడ ఆగాలి. ఇంకా తిరుగుతుంది, మీకు తిప్పాలనీ ఉంటుంది. తిప్పకూడదు."

డ్రైవరు తిప్పడం ఆపాడు. "చెప్పాల్సిందిరా. ఆ రోజే చెప్పాల్సింది," అన్నాడు.

"చెప్పాల్సింది బావా," అన్నాడు నురగ. కాదనీ అనలేదు, పరవాలేదనీ అనలేదు. మణికట్టు మీది చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

పెట్రోలు మీదే బండిని గ్యాసు బంకుకు తీసుకెళ్ళారు. సబ్బునీళ్ళ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఆవిడ మధ్యలో కూర్చుంది. కొద్దిగా గ్యాసు పట్టించి, బంకుకు దూరంగా ఖాళీ స్థలంలో ఇంజను ఆపారు. నురగ వాల్వు తెరిచాడు. ఆవిడ గిన్నె పట్టుకుని వెంట నడుస్తుంటే ఒక్కో జాయింటుకూ బ్రష్షుతో నురుగు పూస్తూ వెళ్ళాడు. బావ బిగించినదాని దగ్గర ముగ్గురూ వంగి, ఊపిరి బిగబట్టి చూశారు. నురుగు కదల్లేదు. అలాగే ఆరిపోయింది.

"ఒరే నురగా," అంది ఆవిడ. తడిచేత్తోనే తమ్ముడి తల నిమిరింది. జుట్టంతా సబ్బయింది.

పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక గ్యాసు స్విచ్చు నొక్కారు. పెద్దమ్మాయి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, ఆగిపోబోయి, సర్దుకుంది. చప్పుడు మెత్తబడింది. డ్రైవరు దిగి, స్టీరింగు వైపు తలుపు తెరిచి పట్టుకుని, "నువ్వే నడుపు," అన్నాడు.

నురగ మార్కెట్టుదాకా నడిపాడు. గేటు దగ్గర మనిషి బానెట్టు తెరిపించి చూసి, రెగ్యులేటరును తట్టి, "ఇంత పాత కిట్టును ఎవరు లేపారు? మా బావగారి వ్యానుదీ ఇలాగే మూలపడి ఉంది," అన్నాడు.

నురగ అద్దంలోంచి వెనక బండ్ల వరసను చూశాడు.

"ఆదివారం తీసుకురమ్మనండి, చూస్తాను," అన్నాడు.