మచ్చ తీయాలి

త్రిమూర్తులు ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాడు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళలో చదువుకున్నవాడికి దండం పెట్టవలసి వచ్చినప్పుడల్లా లోపల తిట్టుకుంటూ పెట్టాడు. నాచారంలో ఓ ఇంజనీరింగు ఫ్యాక్టరీలో లేతుమీద టర్నరు. ఇనుపకడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కుతాడు. బాగా వచ్చిందని కాగితంమీద సంతకం పెట్టేది మాత్రం మొన్న చేరిన డిప్లొమావాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు. అందుకని అతని కడుపులో ఎప్పుడూ ఓ చింతపండు ఉండ నానుతూ ఉంటుంది.

ఆ పులుపుకి విరుగుడు ఫోటోలు. చేతులు మారి మారి వచ్చిన ఓ రష్యా కెమెరా కొనుక్కున్నాడు. ఉప్పల్లో తాను అద్దెకున్న కౌసల్యమ్మ ఇంట్లో, పెరట్లో ఎవరూ వాడని పాత బాత్రూమ్ ఒకటి ఉంటే, కిటికీకి నల్లకాగితం అంటించి, ఎర్రబల్బు తగిలించి డార్క్‌రూమ్ చేసుకున్నాడు. ఆదివారం పొద్దున అందులో దూరితే భార్య మంగతాయారు కాదు కదా, ఆవిడ పుట్టింటివాళ్ళంతా వచ్చి పిలిచినా పలకడు. పలక్కపోవడంలో ఉన్న సుఖం అతనికి ఆ నాలుగు గోడలమధ్యే తెలిసింది.

ఆ సుఖానికి ఎసరు వచ్చింది. కౌసల్యమ్మ కొత్తగా బర్రెను కొంది.

"తిర్మూర్తులూ, బర్రె వచ్చింది. దాణా యాడ పెట్టాలె? వానకు తవుడంత తడుస్తుంది. గా బాత్రూమ్ ఖాళీ జెయ్యి."

"అమ్మా, అందులో నా సామానంతా ఉందండి. ఫోటోలు కడిగే మందు సీసాలు, ఫోటో పెద్దది చేసే మిషను..."

"నీ మిషన్ పాలిస్తదా? నా బర్రె ఇస్తది."

త్రిమూర్తులు మొహం చూసి ఆవిడే కొంచెం మెత్తబడింది. "గట్ల మొఖం పెట్టకు. ఒక పని జెయ్యి. నా ఫోటో ఒకటి తీసియ్యి. గోడకు పెడితే వచ్చినోళ్ళు గిది కౌసల్యమ్మ అని దూరంకెల్లే గుర్తు పట్టాలె. మంచిగ వచ్చిందా, బాత్రూమ్ నీకే. రాలేదా, తవుడుకు."

ఇంతకన్నా తేలిక ఏముంటుంది అనుకున్నాడు త్రిమూర్తులు. మర్నాడు పొద్దున ఆవిడ అరుగుమీద చేటతో బియ్యం చెరుగుతుంటే, ఏటవాలు ఎండలో తీశాడు. నిజంగానే బ్రహ్మాండంగా వచ్చింది. ముఖంలో ముడతలు, గాల్లో పొట్టు, కళ్ళల్లో బర్రెను కొన్న గర్వం, ఎడమ బుగ్గమీద మిరియపు గింజంత పుట్టుమచ్చ, అన్నీ దిగాయి.

నేరుగా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెడితే ఈ కథ ఉండేది కాదు. పెట్టలేదు. ముందు మిత్రులకి చూపించాలనిపించింది. మనిషికి ఉండే రోగాలన్నిట్లోకీ ఈ మెప్పుల రోగం చెడ్డది.

ఆదివారం సాయంత్రాలు నాచారంలో రామచంద్రరావు ఇంటి వరండాలో ఫోటోల సరదా ఉన్నవాళ్ళు ఓ ఏడుగురు కూడతారు. రామచంద్రరావు రైల్వేలో గుమాస్తా. ఎవరి ఫోటోలు వాళ్ళు తెస్తారు. మొహంమీద చెప్పుకుంటే కొట్లాటలు అవుతున్నాయని ఓ పద్ధతి పెట్టుకున్నారు: ఫోటో చేతులు మారుతూ వెళుతుంటే, ఒక్కొక్కరూ వెనకవైపు పెన్సిలుతో తమ సలహా రాస్తారు. పేరు రాయకూడదు. అయినా ఎవరి రాత ఎవరిదో గోడమీద బల్లికి కూడా తెలుసు. రామచంద్రరావు అందరికీ "మంచిగుంది" అనే రాస్తాడు, వరండా ఖాళీ అయిపోతుందని భయం. విశ్వనాథం మాత్రం చీమల బారులాంటి అక్షరాలతో తప్పు పడతాడు. ఆయన సర్కారు పరిశోధనాలయంలో సైంటిస్టు. మూడు కెమెరాలు, జేబులో భూతద్దం. త్రిమూర్తులు ఇంతవరకు ఎవరి ఫోటోమీదా ఒక్క ముక్క రాయలేదు. ఒత్తులు తప్పుతాయేమోనని బెదురు. పెన్సిలు తనదాకా వస్తే పక్కవాడికి అందించేస్తాడు.

ఆ వేళ ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూసుకుంటే "మంచిగుంది" కింద చీమలు బారు తీరి ఉన్నాయి: "చాలా మంచి వెలుగు. మచ్చ తీయాలి."

ఏ మచ్చ? తిప్పి చూశాడు. బల్బుకింద పెట్టి చూశాడు. ఫోటో మొత్తంలో అతని కంటికి కనిపించిన మచ్చ ఒక్కటే, కౌసల్యమ్మ బుగ్గమీదిది.

అడిగితే పోయేది. కానీ అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం. పైగా ఆలోచిస్తే సబబుగానే తోచింది. సినిమావాళ్ళ ఫోటోల్లో మచ్చలుంటాయా? పెద్దావిడ సంతోషిస్తుంది. సగం బ్లేడు తీశాడు. లేతుమీద ఇరవై ఏళ్ళు ఆరితేరిన చెయ్యి. ఊపిరి బిగబట్టి గీకి గీకి మిరియపు గింజను ఎగరగొట్టాడు. సన్న కుంచెతో బుగ్గ రంగు అద్దాడు. బ్రహ్మదేవుడొచ్చి వెతికినా అక్కడ తాను పెట్టిన మచ్చ జాడ దొరకదు. పటం కట్టించి, ఆవిడ చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కౌసల్యమ్మ పటం అందుకుంది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. ఆవిడ మొహం పెనంమీద రొట్టెలా మెల్లగా పొంగింది.

"సుబ్బులు ఫోటో నా ఇంట్లకు ఎవలు తెమ్మన్నరు నీకు?"

"సుబ్బులు ఎవరండి?"

"నా చెల్లె! కవల పిల్లలం! పన్నెండేండ్ల నుంచి దాని గడప తొక్కలే, దాన్ని నా గడప తొక్కనియ్యలే. నువ్వేమో అంబర్‌పేట పోయి, దానికి నా చీర కట్టించి, నా చేట చేతికిచ్చి ఫోటో తీస్కొస్తవా?"

"అయ్యో, అమ్మా, మీరేనండి! ఆ చీర మీ ఒంటిమీద..."

"నేనైతే నా మచ్చ యాడ పోయింది? మా అవ్వ సుత ఈ మచ్చ సూసే గుర్తు పట్టేది. పెండ్లినాడు మా ఆయన మా ఇద్దరినీ సూసి పరేషానైతే, మచ్చ ఉన్న పిల్ల అని చెప్పి కూసోబెట్టిన్రు! మచ్చ లేకుంటే నేను సుబ్బుల్నే!"

మధ్యాహ్నానికి బాత్రూముకి తాళం పడింది. మిషనూ, సీసాలూ, ఫిల్మూ అన్నీ లోపలే. గుమ్మంముందు తవుడు బస్తా.

మంగతాయారు వంటింట్లోంచి ఓ మాట విసిరింది. "ఉన్న మచ్చ తీశారు, లేని తంటా తెచ్చారు. ఇంక ఆదివారాలు నాతో మాట్లాడండి. తీరికే కదా."

త్రిమూర్తులు సైకిలెక్కి నేరుగా నాచారంలో విశ్వనాథం ఇంటికి పోయి, కౌసల్యమ్మ తిప్పికొట్టిన పటం ఆయన ఒళ్ళో పడేశాడు.

"చూడండి సార్. మీరు తీయమన్న మచ్చ తీశాను. నా కొంప తీసింది."

విశ్వనాథం భూతద్దం పెట్టి చూసి తెల్లబోయాడు. "ఆవిడ బుగ్గమీద మచ్చ ఏమయ్యిందయ్యా?"

"మీరే కదండీ రాశారు, మచ్చ తీయాలని!"

"ఓరి నాయనా! నేనన్నది ఇది. నెగెటివుమీద దుమ్ము పడితే వచ్చిన తెల్లచుక్క." ఫోటోలో ఓ మూలన తలుపు చెక్క పక్కన నువ్వుగింజలో సగమంత చుక్క, ఇంకా అక్కడే తాపీగా కూర్చుని ఉంది. "ఫోటోలవాళ్ళం మనం మచ్చ అంటే దుమ్ము మచ్చేనయ్యా. పుట్టుమచ్చని ఎవడు తీయమంటాడు?"

"దుమ్మని రాయొచ్చుగా? రెండక్షరాలు. మీకు అంత కరువొచ్చిందా?"

"పోనీ, నువ్వు అడగొచ్చుగా?"

చదువుకున్నవాడు తప్పు రాస్తే అది క్లుప్తత, చదువుకోనివాడు తప్పు చదివితే అది తెలివితక్కువ అని గొణిగాడు త్రిమూర్తులు. విశ్వనాథం లోపలికి వెళ్ళి చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఫోటోలమీద అద్దే నల్లరంగు. "పోయి పెట్టెయ్యి. ఎక్కడ తీశావో అక్కడే."

వచ్చేసరికి కౌసల్యమ్మ అరుగుమీద ఉంది. త్రిమూర్తులు కింద కూర్చుని, పటంలోంచి ఫోటో బయటకు లాగి, కుంచె తడిపాడు.

"అమ్మా, మీ ఎదురుగానే పెడతాను. చూడండి." అద్దాడు.

"గంత సిన్నగనా? దోమ కుట్టినట్టుంది."

ఇంకో చుక్క అద్దాడు.

"జర కిందికి. కిందికంటే మరీ గదువకు కాదు. ఆగు, నీకు సమజ్ కాదు. ఇటియ్యి."

కుంచె లాక్కుని, నాలిక బయటపెట్టి, ఆవిడే పెట్టుకుంది. మిరియపు గింజ కాదు, శనగగింజంత. పెట్టి వెనక్కి వంగి చూసుకుంది. మెల్లగా నవ్వొచ్చింది ఆవిడకి.

"గిప్పుడు నేను. సుబ్బులు అంబర్‌పేట నుంచి సూసినా కుళ్ళి సావాలె."

తాళంచెవి కొంగు ముడిలోంచి ఊడి అతని చేతిలో పడింది. "తవుడు బస్తా నువ్వే లోపటికి మోసి, మెట్లకింద పెట్టు. ఇగ మచ్చ ముట్టినవంటే బర్రెను తెచ్చి గా బాత్రూమ్‌లనే కడతా."

తరవాతి ఆదివారం, సాయంత్రానికల్లా తిరిగిస్తానని బతిమాలుకుని, త్రిమూర్తులు ఆ ఫోటోనే పట్టుకుని నాచారం వెళ్ళాడు. చేతులు మారింది. రామచంద్రరావు శనగగింజను చూసి కాసేపు పెన్సిలు నమిలి, "మంచిగుంది" అని రాశాడు. విశ్వనాథం ఈసారి ఏ సందేహానికీ తావివ్వకుండా రాశాడు: "ఎడమ బుగ్గమీద పుట్టుమచ్చ (దుమ్ము కాదు) సహజంగా లేదు. పరిమాణం సగానికి తగ్గించాలి."

ఫోటో తిరిగి తిరిగి త్రిమూర్తులు దగ్గరికి వచ్చింది. చదివాడు. పెన్సిలు పక్కవాడికి అందించబోయి ఆగాడు. ఒత్తు తప్పితే తప్పిందని, చీమల బారు కింద గండుచీమల్లాంటి అక్షరాలతో రాశాడు: "తగించను. బాత్రూం పోతుంది."

పక్కవాడు పైకి చదవగానే వరండా అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. విశ్వనాథం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు.

చీకటి పడకముందే ఫోటో తెచ్చి కౌసల్యమ్మకి ఇచ్చాడు. ఆవిడ పటంలో పెట్టబోతూ వెనక్కి తిప్పింది. ఆవిడకి చదువు రాదు.

"ఏం రాసిన్రు గీ సార్లంతా?"

"మచ్చ బాగుందని రాశారండి."

"గింత మాటకు గన్ని లైన్లా?"

"చదువుకున్నవాళ్ళు కదండీ," అన్నాడు త్రిమూర్తులు.