ఆదివారం అబిడ్స్‌లో ఎవరుంటారు?

మా నాయన బిచ్చయ్య ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాడు. వారమంతా కిటకిటలాడే బట్టల షాపులూ చెప్పుల షాపులూ ఆ రోజు మూసి ఉంటాయి. వాటి షట్టర్ల ముందు టార్పాలిన్లు పరుచుకుని పుస్తకాలవాళ్ళు కూర్చుంటారు. నేను పుట్టకముందు నుంచీ నాయన జాగా అదే. నన్ను ఇంజినీరింగ్ చదివించింది కూడా ఆ జాగాయే.

నాకు మొబైల్ కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నాయన కాళ్ళు భూమ్మీద ఆగలేదు. పుస్తకం ధర అడిగినవాళ్ళకు ముందు నా సంగతి చెప్పి, ఆ తర్వాతే ధర చెప్పేవాడు. అంతటితో ఆగాడా? ఆ వరసలో కూర్చునే వాళ్ళందరి చేతా మా కంపెనీ సిమ్ములు వేయించాడు. "మా బిడ్డ టవర్ల పని జేస్తది, మనకేం ఫికర్ లేదు" అని హామీ కూడా ఇచ్చాడు. ఇప్పుడు బేరమంతా ఫోన్లోనే కదా! జిల్లాల నుంచి పంతుళ్ళు, పోటీ పరీక్షల పిల్లలు వీడియో కాల్ చేస్తారు. పేజీలు తిప్పి చూపిస్తే, నచ్చినవి పార్సిల్ చేయమంటారు.

ఈమధ్య ఆదివారాలు ఆ ఫోన్లే మొండికేశాయి. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం కదలదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నాయన నా ముచ్చట చెప్పడం మానేసి ఉత్త ధర చెప్పడం మొదలుపెట్టాడు.

నేను టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిన ఆదివారం, పక్క జాగా పరశురాం నా ఎదుటే నాయనను నిలదీశాడు.

"ఏందే బిచ్చయ్యన్నా, నీ మాట మీద సిమ్ములు మార్చినం. గిరాకంతా పోతున్నది. గిట్లనేనా నీ బిడ్డ జేసే పని?"

నాయన తలెత్తలేదు. సాయంత్రం నాంపల్లిలో మా కిరాయింట్లో అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట పెట్టకుండా అన్నాడు: "వచ్చే ఐతారం ఒక్కటి సూస్త. గంతే, మల్ల గాడ కూసోను. గాళ్ళకు మొఖం ఎట్ల సూపెట్టాలె బిడ్డా?"

నాకు తల కొట్టేసినట్టయింది. దానికి మించి కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు.

తెల్లారి బషీర్‌బాగ్ ఆఫీసులో మా మేనేజర్ అమరేశ్వరరావు గారి ముందు నిలబడ్డాను. ఆయన కంప్యూటర్ తెర మీద అబిడ్స్ అంతా పచ్చగా ఉంది.

"చూడమ్మా విజయా, ఎక్కడా మచ్చ లేదు. కారులో తిప్పి కొలిపించాం కూడా."

"ఏ రోజు కొలిచారు సార్?"

"బుధవారం. ఆదివారం అబిడ్స్‌లో ఎవరుంటారమ్మా? షాపులన్నీ బందే. డేటా వాడకమే ఉండదు. అందుకే కరెంటు ఆదాకి ఆదివారాలు అక్కడి సెల్స్ నిద్రపుచ్చుతున్నాం."

అదీ సంగతి! డేటా మోయడానికి ఒక్కో టవర్ మీద కొన్ని సెల్స్ ఉంటాయి. వాటిలో ఒకదాన్నే మేలుకొలిపి ఉంచి మిగతావన్నీ పడుకోబెట్టారు. ఆ ఒక్కటీ గీతలు నిండుగా చూపిస్తుంది గానీ ఫుట్‌పాత్ మీది జనమంతా దాని మీదే పడితే ఏం మోస్తుంది? విసుగెత్తిన మనుషులు ఫోన్ జేబులో పెట్టుకుంటారు. వాడకం తక్కువుందని లెక్కల్లో పడుతుంది. అది చూసి వీళ్ళు మళ్ళీ నిద్రపుచ్చుతారు.

"ఒక్క ఫుట్‌పాత్ కోసం మార్చమంటే పైవాళ్ళు ఒప్పుకోరు. వాడకం చూపించు, అడుగుతాను" అన్నాడాయన.

"గొంతు నొక్కి, అరవట్లేదు కాబట్టి బాగానే ఉన్నాడన్నట్టుంది సార్! నేను టవర్‌ని అడగను, మనుషుల్ని అడుగుతాను. ఆదివారం మీరే రండి. పాత పుస్తకాలు చూసినట్టూ ఉంటుంది."

నా గొంతుకు జడిసి వచ్చాడో, పుస్తకాల కోసం వచ్చాడో గానీ, వచ్చాడు. అప్పటికే నేను పుస్తకాలవాళ్ళను బతిమాలి వాళ్ళ ఫోన్లలో మా కొలత యాప్ వేసి ఉంచాను. గీతలెన్నని అది చూడదు. వేలు నొక్కినప్పటి నుంచి పనయ్యేదాకా ఎంతసేపు పట్టింది, వీడియో ఎన్నిసార్లు ఆగింది అని చూస్తుంది. పరశురాం మూతి ముడుచుకునే ఫోన్ ఇచ్చాడు. మధ్యాహ్నానికి అన్ని ఫోన్లూ ఎరుపే చూపిస్తున్నాయి.

పెద్ద పోస్టాఫీసు దగ్గర ఆటో దిగి, "ఇంతమందా!" అని నోరు తెరిచాడు అమరేశ్వరరావు గారు. నాయన దగ్గర పుస్తకాలు తిరగేస్తూ ఒక హోమియో వైద్యం పుస్తకం చూసి ఆగిపోయాడు. వాళ్ళ నాన్నగారి పుస్తకం ఇల్లు మారేటప్పుడు పోయిందట, ఇది అలాంటిదేనట. అక్కను అడుగుదామని అట్ట ఫొటో తీసి పంపాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఫోన్ ఆర్పి వెలిగించాడు. చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.

"గట్ల లేపినా రాదు సారూ. మేమందరం లేపినోళ్ళమే" అన్నాడు పరశురాం.

"ఛీ, ఇదేం కంపెనీ అండీ!" అని అరిచాడు మా మేనేజర్.

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. ఎర్రబడ్డ ఫోన్లన్నీ తెచ్చి ఆయన ముందు పరిచాను. ఒక్కొక్కటీ చూశాడు, మొహం మాడ్చుకున్నాడు, కంట్రోల్ రూంలో ఉన్న ప్రసన్నకుమార్‌కి కాల్ చేశాడు. "అబిడ్స్‌లో పడుకోబెట్టినవన్నీ లేపవయ్యా. ఇప్పుడే. బాధ్యత నాది."

అందరం ఫోన్ల వంకే చూస్తున్నాం. నాయన మాత్రం మా మాటలు వినబడనట్టు పుస్తకాల దుమ్ము దులుపుతూనే ఉన్నాడు.

ముందు పరశురాం ఫోన్ టింగుమంది. తర్వాత దాని పక్కది. తర్వాత ఫుట్‌పాత్ పొడవునా ఎక్కడెక్కడో ఇరుక్కుపోయిన మెసేజీలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి, టింగు టింగుమని ఒకటే గోల! యాప్‌లో ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. అమరేశ్వరరావు గారి ఫొటో వెళ్ళింది, "అదేరా తమ్ముడూ, వదలకు" అని వాళ్ళక్క జవాబూ వచ్చింది. నేను సిగ్గు విడిచి ఈల వేశాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

"ఇకనుంచి అబిడ్స్‌ని ఆదివారమే కొలుద్దాం, మనుషుల చేతుల్లోంచే" అన్నాడాయన, పుస్తకం గుండెకు హత్తుకుని. "మూసి ఉంటాయని మనం వదిలేసిన చోట్లు ఇంకా ఉంటాయి. అవన్నీ నువ్వే చూడు."

"బిచ్చయ్యన్నా, నేనే జర తొందరపడ్డ" అన్నాడు పరశురాం.

అప్పుడే నాయన ఫోన్ మోగింది. వనపర్తి పంతులుగారి వీడియో కాల్. ఆయన మొహం తెర మీద స్పష్టంగా, కదులుతూ కనిపించింది. "బిచ్చయ్యా, వ్యాకరణం పుస్తకం ఉందన్నవు, చూపియ్యి" అన్నాడు.

నాయన పుస్తకం తీయలేదు. ఫోన్ నా వైపు తిప్పాడు.

"సూపెడ్త సారూ, జర ఆగున్రి. ముందుగాల గీమెను సూడున్రి. మా బిడ్డ. టవర్ల పని జేస్తది."

ధర ఆ తర్వాత చెప్పాడు.