కావాలని పెట్టిన తప్పు

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానని మా కోడలు అన్నప్పుడు ముక్కున వేలేసుకున్నాను. వండి పెట్టేదీ తనే, పాఠం చెప్పేదీ తనే అయితే పిల్లలు ఎవరికి భయపడతారు? అదే అడిగాను. "భయమెందుకు అత్తయ్యా?" అంది. ఆ పిల్లతో వాదించి గెలిచినవాళ్ళు ఈ ఇంట్లో లేరు. రోజంతా బస్సు నడిపి ఇంటికొచ్చి సోలిపోయే నా కొడుకైతే అసలు నోరే విప్పడు.

బడి అంటే మా ముందుగదే. గోడకో నల్లబోర్డు, దాని ఎదురుగా భోజనాల బల్ల. మనవరాలు ఈ ఏడు పెద్ద పరీక్ష రాయాలి. పొద్దున్నే ఈత, సాయంత్రం జంతువుల ఆసుపత్రిలో పని నేర్చుకోవడం. మనవడికి వయొలిన్, సైకిళ్ళ దుకాణం, ఇంకా ఏవేవో. ఇంట్లో చదివే పిల్లలు ఇంట్లో ఉండేదే తక్కువ. చలి తగ్గి, కిటికీలు తెరిచి, చెట్లు చిగురు తొడిగాక మరీను. ఇద్దరూ కాలు గాలిన పిల్లులే.

అయినా పాఠం వేళకి పరుగున వచ్చి కూర్చునేవారు. దానికి కారణం కోడలు పెట్టిన ఆట. రోజూ బోర్డు మీద ఎక్కడో ఒకచోట కావాలని ఒక తప్పు రాసేది. పట్టుకున్నవాళ్ళకి ఆ పూట అంట్లు తోమే పని తప్పుతుంది. అది మామూలు తప్పు కాదు, దొంగ తప్పు. కళ్ళలో వత్తులు వేసుకుని వెతికితే గాని దొరికేది కాదు. వెతికీ వెతికీ మనవడికి డిటెక్టివ్ అని పేరు పడిపోయింది.

ఈ వసంతంలో డిటెక్టివ్ పంట పండింది. రోజుకి రెండు మూడు దొరకసాగాయి. ఒకరోజు ఏడెనిమిదులు యాభైనాలుగు. ఇంకోరోజు పటంలో తూర్పు పోయి ఎడమవైపు కూర్చుంది.

"అమ్మ మరీ చిన్నపిల్లల తప్పులు పెడుతోంది నానమ్మా. పట్టుకున్నా మజా లేదు," అన్నాడు వాడు.

"పరీక్ష దగ్గరపడిందని నామీద జాలిలే," అంది మనవరాలు.

నేనూ అంతే అనుకున్నాను. ఇద్దరూ పోటీపడి గెలిచేస్తే అంట్లు నా నెత్తిన పడుతున్నాయని సణిగాను కూడా.

ఒక మధ్యాహ్నం పిల్లలు బయటికి వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతుంటే కోడలు వచ్చి పక్కన నిలబడింది. ఒక్కో గిన్నే తీసుకుని గుడ్డతో తుడవసాగింది.

"అత్తయ్యా, ఒక మాట. పిల్లలతో అనకండి."

"ఏమిటమ్మా?"

"ఈమధ్య నేను పెట్టని తప్పులు కూడా పట్టుకుంటున్నారు వాళ్ళు."

నాకు బుర్రకెక్కలేదు. "నువ్వు పెట్టకుండా ఎలా వస్తాయి?"

"అదే తెలియడంలేదు. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నేనూ నవ్వేస్తున్నాను. నిన్న ముగ్గురం పడీపడీ నవ్వాం. దేనికి నవ్వామో నాకు తెలియదు."

పరధ్యానం అంటాం, అలసట అంటాం, ఇంకేదో అంటాం. ఇది అదేదీ కాదని తన గొంతే చెబుతోంది.

నా కొడుకు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆసుపత్రి పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మాట నాన్చలేదు. మెదడు అరిగిపోయే జబ్బు, ముసలితనం రాకముందే కొందరికి వస్తుందట. మందులు దాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తాయి గాని వెనక్కి తిప్పలేవట. ఇంటికొచ్చి పిల్లలకి చెప్పేశాం. మనవరాలు ఏడ్చింది. వాడు ఏడవలేదు. నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"రోజూ నేనే పట్టుకున్నాను కదా నానమ్మా. పట్టుకుని గెంతాను."

"ఆటే కదరా నాన్నా, నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాట వాడికి ఎందుకూ కొరగాలేదు.

మర్నాడు పాఠం ఉంటుందని కోడలు పట్టుబట్టింది. చెప్పగలిగినన్నాళ్ళు చెబుతానంది. బోర్డు నిండా రాసింది. నేను బల్ల చివర కూర్చుని కూరలు తరుగుతున్నాను. నాకొచ్చిన చదువు అంతంతమాత్రం. ఆ నాకే కిలోకి వంద గ్రాములని రాసిన తప్పు కనబడుతోంది. పిల్లలిద్దరూ తల దించుకుని ఉన్నది ఉన్నట్టు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు.

కోడలు వెనక్కి తిరిగింది. "ఏం, ఇవాళ ఒక్కటీ దొరకలేదా?"

"లేదమ్మా. అన్నీ కరెక్టే," అన్నాడు డిటెక్టివ్.

కోడలి ముఖం పాలిపోయింది. "అబద్ధాలాడకు. మీరు కూడా చెప్పకపోతే ఎంత పోయిందో, ఎంత మిగిలిందో నాకెలా తెలుస్తుందిరా?"

చివరికి మనవరాలే లేచి ఎర్ర సుద్దముక్క తీసుకుంది. ఒకదాని చుట్టూ సున్నా చుట్టింది. దాని కింద ఇంకోటి. కిలో చుట్టూ కూడా చుట్టింది. చుడుతూనే పోయింది. ఇక చాలే అనాలనిపించింది నాకు.

కోడలు బోర్డుకి ఎదురుగా నిలబడి ప్రతి సున్నానీ పరాయివాళ్ళ రాత చూస్తున్నట్టు చూసింది.

"ఇందులో నేను కావాలని పెట్టింది ఏది?" అని పిల్లల్నే అడిగింది.

తెలిస్తే తనకే తెలియాలి. మనవరాలు సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. వాడు లేచి వెళ్ళి కిలో మీద వేలు పెట్టాడు.

"ఇదేనమ్మా."

కోడలు ఊపిరి పీల్చుకుంది. "ఆ, అదే. అదే. ఎంత బాగా దాచానో చూశావా?"

"చాలా బాగా దాచావమ్మా," అన్నాడు వాడు.