పిలిచిన మనిషి

స్వప్నిక ఫోన్‌లోని క్యాలెండర్‌కు మూడు రంగులు. చదువుకు ఆకుపచ్చ, కెరీర్‌కు నీలం, మిగిలిన లోకానికంతా కలిపి నారింజ. స్నేహితురాలి పుట్టినరోజు నారింజ, అమ్మను కళ్ల దవాఖానకు తీసుకెళ్లడం నారింజ, దీపావళి నారింజ. అన్న హేమచంద్‌కు పెళ్లి కుదిరినప్పుడు స్వప్నిక ఎగిరి గంతేసి, వెంటనే ఫోన్ తీసి, దాన్నీ నారింజలోనే వేసింది. పెళ్లి వికారాబాద్‌లో, అమ్మాయి వాళ్లింటి దగ్గర. ఆ మర్నాడు, శనివారం మధ్యాహ్నం, చేవెళ్లలో వీళ్ల విందు. రంగు వేసేటప్పుడు ఆ శనివారంలో ఇంకే రంగూ లేదు, పాపం.

చేవెళ్లలో ఆమె తండ్రి కాశీనాథ్‌కు పెద్ద కిరాణా దుకాణం ఉంది. స్వప్నిక రోజూ బస్సెక్కి మొయినాబాద్ వెళ్లి, అక్కడొక మేనేజ్‌మెంట్ కాలేజీలో ఇంటర్నేషనల్ బిజినెస్ చదువుతోంది. ఉద్యోగాల వ్యవహారం చూసే కృపాజ్యోతి మేడమ్ మొదటి రోజు క్లాసులోనే తేల్చి చెప్పేసింది. మార్కులు మిమ్మల్ని గేటు దాకా తీసుకెళ్తాయి, లోపలికి తీసుకెళ్లేవి పరిచయాలే అని. ఆ మాటను స్వప్నిక నెత్తిన పెట్టుకుంది. కాళ్లకు బలపం కట్టుకుని సెమినార్లకు తిరిగింది, ముక్కూ మొహం తెలియని మేనేజర్లకు పండగ శుభాకాంక్షలు పంపింది, ఏడాది తిరిగేసరికి లింక్డ్‌ఇన్‌లో వందల మందిని పోగేసింది. వాళ్లలో ఎవరైనా రోడ్డు మీద ఎదురైతే ఆమెను గుర్తుపడతారా అంటే, అది వేరే సంగతి.

అంతమంది ఉన్నా ఆమెకు నిజంగా కావలసింది ఒక్కడే. పేరు సుకుమార్. శంషాబాద్ దగ్గర కంపెనీ పెట్టి గల్ఫ్ దేశాలకు కూరగాయలు, పండ్లు ఎగుమతి చేస్తాడు. ఏటా ఒకే ఒక్క విద్యార్థిని ఎంచుకుని తన దుబాయ్ ఆఫీసులో పని నేర్పిస్తాడు. దానికి దరఖాస్తూ లేదు, పరీక్షా లేదు. మనిషిని చూసి తీసుకుంటానని ఏదో సభలో అన్నాడట. కాబట్టి ఎలాగైనా ఆయన కంట పడాలి. పడకపోతే ఏమవుతుందో స్వప్నికకు బాగా తెలుసు. బాపు దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఒక కుర్చీ ఆమె కోసమే ఖాళీగా ఉంది, ఇంట్లో అందరూ దాన్ని ఎంతో ప్రేమగా తుడిచి పెడుతున్నారు.

అందుకే కాలేజీలో ‘గ్లోబల్ ట్రేడ్ మీట్’ అనగానే, ముఖ్య అతిథిని తెచ్చే పూచీ నాదని ముందుకు దూకింది. సుకుమార్‌కు రోజూ ఒక మెసేజ్ పెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆఫీసు నుంచి “సార్ వీలైతే వస్తారు” అని ఒక జవాబు వస్తే, ఆ రోజంతా గాల్లో తేలింది.

ఇంట్లో మాత్రం పిలుపుల హడావుడి మొదలైంది. కాశీనాథ్ ఇంట్లో పెళ్లికార్డు ఉత్త కాగితమే. ఇంటి ఆడపిల్ల కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లి, అవతలి ఇల్లాలికి బొట్టు పెట్టి, నోరారా రమ్మంటేనే పిలిచినట్టు. పెళ్లికొడుక్కి ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు. తల్లి శారదాదేవి ఆమెను ఊరూరా తిప్పుతుంటే స్వప్నికకు తల ప్రాణం తోకకొచ్చింది.

“వాట్సాప్‌ల పెడితే అయిపోతది గదమ్మా. లొకేషన్ గూడ పోతది.”

“ఫోన్ల పిలిస్తే ఫోన్లనే తినిపోతరు. నడువ్,” అంది శారదాదేవి.

అలా ముడిమ్యాలలో పద్మమ్మ ఇంటికి వెళ్లారు. డెబ్బై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఏ కార్యమైనా సరుకు కాశీనాథ్ దుకాణం నుంచే రావాలి, ఆయన తండ్రి కాలం నుంచీ అంతే. స్వప్నిక బొట్టు పెట్టి, “తప్పకుండ రావాలె అవ్వా,” అంటే ముసలామె మురిసిపోయింది. ఇక పెద్దవాళ్ల మాటలు ఎప్పటికి తెగుతాయో తెలియదు కాబట్టి స్వప్నిక అరుగు మీద కూర్చుని ఆ రోజు పెట్టాల్సిన మెసేజ్ తీసింది. ‘గౌరవనీయులైన సుకుమార్ గారికి, గల్ఫ్ మార్కెట్ పట్ల మీకున్న దూరదృష్టి నాకు...’ దగ్గర ఆగింది. స్ఫూర్తి అనాలా, ప్రేరణ అనాలా?

“మా పెద్దోడు గూడ గీ కూరగాయల యాపారమే బిడ్డా,” అంటోంది పద్మమ్మ, చాయ్ గ్లాసు అందిస్తూ. “ఇమానంల దుబాయికి పంపుతడు.”

“అవునా అవ్వా, మంచిది,” అంది స్వప్నిక. స్ఫూర్తి అనే పెట్టింది.

“మా ముసలాయన మోకాళ్లతోని లేస్తలేడు. నాకా, కండ్లు సక్కగ కానొస్తలేవు. గాడ నాకు ఎవ్వలు ఎర్కలే. నువ్వుంటవు గద గేటు కాడ? నువ్వు చెయ్యి పట్టుకుంటెనే నేనొస్త.”

“ఉంటనవ్వా,” అంది. తల ఎత్తలేదు, పాపం మెసేజ్ అప్పుడే వెళుతోంది.

తిరుగుదారిలో శారదాదేవి ఆటోలో మళ్లీ గుర్తు చేసింది. బొట్టు పెట్టి పిలిచిన మనిషే ఎదురెళ్లాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పంక్తిలో కూర్చోబెట్టాలి. ఇంకెవరు చేసినా అది మర్యాద కాదు. స్వప్నిక ఊ కొట్టింది. అప్పటికి క్యాలెండర్‌లో ఆకుపచ్చ వేళ అయింది, అసైన్‌మెంట్ రాసుకుంటోంది. ‘విదేశీ వ్యాపారంలో వ్యక్తిగత సంబంధాల పాత్ర’ అని. అరబ్బు దేశాల్లో సరుకు కంటే ముందు మనిషిని చూస్తారనీ, అతిథిని నిలబెట్టి వేరే పని చూసుకునేవాడితో అక్కడ ఎవరూ వ్యాపారం చేయరనీ చక్కగా రాసింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. సార్ ఆ పేరాను పైకి చదివి వినిపించాడు కూడా.

తర్వాత మీట్ తేదీ ఖరారైంది. అదే శనివారం. నారింజ మీద నీలం వచ్చి కూర్చుంది.

“పొద్దున్నే పోయి మధ్యాహ్నం బంతి టైముకు వచ్చేస్తనమ్మా. ఏం పెద్ద దూరం, మొయినాబాదే గద?”

“అన్న విందు నాడు ఆడపిల్ల ఇంట్ల లేకపోతే నలుగురు ఏమంటరు?”

“నలుగురి ఫికర్ నీకెందుకు? ఇది నా లైఫ్ ప్రశ్న. నీకు చెప్పినా సమజ్ గాదు.”

నిజానికి ఆమె తల్లికి చెప్పనే లేదు. సుకుమార్ పేరు ఆ ఇంట్లో ఒక్కసారి పలికి ఉంటే, శారదాదేవి “ఎవరు, పద్మమ్మ పెద్దమ్మ కొడుకా?” అని ఉండేది. కానీ కెరీర్ విషయాలు ఇంట్లో ఎవరు మాట్లాడతారు? కాశీనాథ్ మాత్రం పోనియ్యి అన్నట్టు చెయ్యి ఊపి, వంటవాళ్ల వైపు వెళ్లిపోయాడు.

శనివారం ఉదయం స్వప్నిక నల్ల కోటు వేసుకుని, మెడలో కాలేజీ బ్యాడ్జీ తగిలించుకుని, పూలగుత్తితో కాలేజీ గేటు దగ్గర నిలబడింది. కారు రాలేదు, మెసేజ్ వచ్చింది. ‘కుటుంబ కార్యక్రమం వల్ల రాలేకపోతున్నాను. క్షమించాలి.’

స్వప్నిక ముఖం మాడిపోయింది. “ఫ్యామిలీ ఫంక్షన్ అంట మేడమ్!” అంది కృపాజ్యోతితో. “గింత పెద్ద కంపెనీ నడుపుతడు, ప్రయారిటీస్ ఏంటియో తెల్వదు.”

ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఏ మాత్రం అనుమానం రాలేదని చెప్పాలి. సొంత అన్న విందు వదిలేసి వచ్చిన పిల్ల, ఎవరిదో విందుకు వెళ్లిన మనిషిని అంత ధీమాగా తప్పుపట్టింది.

ముఖ్య అతిథి కుర్చీలో చివరికి కాలేజీ యజమాని బావమరిదిని కూర్చోబెట్టారు. ఆయన శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్ముతాడు. ప్రపంచ వాణిజ్యం మొత్తం శంకర్‌పల్లి వైపే వస్తోందని మొదలుపెట్టి మైకు వదల్లేదు. వందన సమర్పణ స్వప్నికది కాబట్టి కదలడానికి లేదు. సంచిలో ఫోన్ ఊరికే వణుకుతోంది. అది అమ్మేనని తెలుసు, అందుకే తీయలేదు.

చేవెళ్లలో ఫంక్షన్ హాలు ముందు ఆటో దిగేసరికి ఆఖరి బంతి లేచిపోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. శారదాదేవి పట్టుచీర కొంగు నడుముకు చుట్టి గేటు లోపలే నిలబడి ఉంది.

“పద్మమ్మ పెద్దమ్మ మొదటి బంతి పడకముందే వచ్చింది,” అంది. “గప్పటి సంది కూసున్న కుర్చీల కెల్లి లేస్తలేదు. నేను పిలిచిన, మీ బాపు పిలిచిండు. ‘పిల్ల పిలిచింది, పిల్ల రానీ’ అంటది. షుగరున్న మనిషి, ఒక్క మెతుకు ముట్టలే. పో, చెయ్యి పట్టుకొని తీస్కరా. నేను జర అన్నం వేడి చేపిస్త.”

స్వప్నికకు గుండె కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది, అందులో అబద్ధం లేదు. అవ్వ అన్నం లేకుండా తన కోసం కూర్చుందన్న బాధతో దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లింది. హాలు మూల, కూలర్ పక్కన, పద్మమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చెప్పుల చప్పుడు విని ముఖం అటు తిప్పింది.

“వచ్చినవా బిడ్డా?” అని చెయ్యి చాచింది.

సరిగ్గా అప్పుడే స్వప్నిక ఆమె కుర్చీ వెనక నిలబడ్డ మనిషిని చూసింది. లింక్డ్‌ఇన్ ఫోటోలో సూటూ టై ఉన్నాయి, ఇక్కడ తెల్ల చొక్కా, చేతిలో తల్లి మందుల సంచి. అయినా ఆ ముఖాన్ని ఆమె గుర్తుపట్టకపోవడమా! ఏడాది నుంచీ రోజూ చూస్తున్న ముఖం. స్వప్నిక చెయ్యి ముందుకు వెళ్లింది. చాచి ఉన్న ముసలి చేతిని దాటుకుని వెళ్లింది.

“సార్! నేను స్వప్నిక సార్. ఇంటర్నేషనల్ బిజినెస్, సెకండ్ ఇయర్. గల్ఫ్ మార్కెట్ పట్ల మీకున్న దూరదృష్టి...”

స్వప్నిక చెయ్యి చాచింది కాబట్టి సుకుమార్ కలిపాడు. ఆమె మెడలోని బ్యాడ్జీ చదివాడు.

“రోజు మెసేజ్‌లు పెట్టేది నువ్వేనా?”

“నేనే సార్.”

“మరి మా అమ్మకు బొట్టు పెట్టి పిలిచిన పిల్ల?”

“నేనే,” అంది స్వప్నిక.

సుకుమార్ ఒకసారి తల్లిని చూశాడు. “పొద్దుగాల మీ కాలేజీకే బయలెల్లిన. సగం తొవ్వల ఉండంగ అమ్మ ఫోన్ చేసింది. నన్నొక పిల్ల ముద్దుగ పిలిచింది, పోకుంటే ఎదురు చూస్తది, నువ్వొచ్చి తీస్కపో అని. అందుకే నీకు రానని రాసిన. ఇక్కడికొచ్చిన కాడి నుంచి ఈమె గేటు దిక్కే చూస్తున్నది.”

అక్కడ ఎవరైనా ఆ ముసలామె కాళ్ల దగ్గర కూలబడి, నన్ను క్షమించు అవ్వా అంటారు. స్వప్నికకూ అలాగే అనిపించింది. కానీ ఏడాది పొడవునా అలవాటు చేసిన నోరు ఆమె మనసు కంటే ముందే ఉరికింది.

“సారీ సార్. ఆ ఇంటర్న్‌షిప్ గురించి ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా సార్?”

మాట బయటికి వచ్చాక, దాన్ని గుప్పిట్లో పట్టి మళ్లీ మింగాలనిపించింది.

సుకుమార్ ముఖంలో కోపం లేదు. ఆఫీసు ముఖం వచ్చేసింది, అంతే. “తప్పకుండా అండీ,” అన్నాడు. “మీరు ఒక మెసేజ్ పెట్టండి, చూద్దాం.” అంతదాకా చేవెళ్ల పిల్లతో మాట్లాడిన మనిషి ఇప్పుడు ఎవరో పరాయి మనిషితో మాట్లాడుతున్నాడు. మెసేజ్ పెట్టండి అంటే ఏమిటో ఆమెకు ఈ ఏడాదిలో వందసార్లు తెలిసింది. ఆయన ఫోన్ తీసి ఏదో నొక్కాడు. స్వప్నిక సంచిలో ఫోన్ మళ్లీ వణికింది. లింక్డ్‌ఇన్‌లో ఆమె ఎన్నో నెలల కిందట పంపిన రిక్వెస్ట్‌ను ఆయన ఒప్పుకున్నాడు, ఎదురు చూసిన పరిచయం ఖాయమైంది.

పద్మమ్మ చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది, కొంగులో దాచుకుంది.

“నేను నీ కోసమని వస్తి బిడ్డా,” అంది. దెప్పుతున్నట్టు కాదు, ఉన్న మాట చెబుతున్నట్టు అంది. తర్వాత కొడుకు భుజం పట్టుకుని లేచింది. “పోదాం పారా. ఆకలైతున్నది. ఇంటికి పోయి ఇంత తింట.”

“అవ్వా! ఆగు అవ్వా, అమ్మ అన్నం తెస్తున్నది. రా అవ్వా, నీ కాల్మొక్త!” స్వప్నిక ఇప్పుడు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, సుకుమార్ చూస్తున్నాడన్న సంగతి కూడా మరిచిపోయింది.

పద్మమ్మ ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంది. “సల్లగుండు. నీకు మస్తు పనులుంటయి, చూస్కో పో,” అంది. కొడుకు నడిపిస్తుంటే తడుముకుంటూ మెట్లు దిగింది. కారు ముడిమ్యాల వైపు తిరిగింది.

శారదాదేవి విస్తరాకులో పొగలు కక్కే అన్నం, పప్పు, ఎక్కడో అడుగున దొరికిన రెండు పూర్ణాలు పెట్టుకుని వచ్చింది. ఖాళీ కుర్చీని చూసింది, కూతురిని చూసింది.

“పెద్దమ్మ ఏది?”

“పోయిందమ్మా.”

“తిన్నదా?”