నదిని లోపలికి పిలిచిన రోజు

ఆ ఊరు నది ఒడ్డున ఉందని పేరే గానీ, తరతరాలుగా నదికి వీపు చూపించే బతికింది. గట్టు పొడవునా గోడౌన్ల వెనక గోడలు, చెత్త కుప్పలు, తుప్పు పట్టిన కంచె. ఊళ్లోవాళ్లు నదిని చూడాలంటే వంతెన దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడాల్సిందే. అలాంటి చోట ఊరందరికీ ఒక హాలు కావాలి, అది నదికి ముఖం పెట్టి ఉండాలి అని ఒకావిడ పట్టుబట్టింది. ఆవిడ ఆర్కిటెక్టు. పట్టు పట్టిందంటే బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా వదలదని స్వయంగా వాళ్ల అత్తగారే చెబుతుంది. ఆ అత్తగారు ఎవరి గురించీ ఊరికే ఒక మంచి మాట అనే మనిషి కాదు, అది వేరే సంగతి.

కమిటీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పదిమంది చేత పిచ్చిదనిపించుకుని, చివరికి కట్టించింది. ఏం కట్టించింది మహాతల్లి! వీధిలోంచి నడుచుకుంటూ వస్తే వీధి ఎక్కడ ఆగిందో, భవనం ఎక్కడ మొదలైందో తెలియదు. గడప లేదు. చక్రాల కుర్చీలో వచ్చినా, చంకన పిల్లతో వచ్చినా కాలు తడబడకూడదని ఆవిడ పంతం. బయటి రాయీ లోపలి రాయీ ఒక్క మట్టానికి వచ్చేదాకా తాపీవాళ్ల ప్రాణం తోడేసింది. లోపలికి కాస్త నడిస్తే నేల ఒక్కసారి తెరుచుకుని కింద పెద్ద హాలు కనిపిస్తుంది. దిగడానికి గోడ వారగా మెట్లు. ఎదురుగా, నది వైపు, మనిషి ఎత్తు దాటాక మొదలై కప్పు దాకా వెళ్లే మందపాటి అద్దం. కింద నిలబడి తలెత్తితే నది మన తల మీదుగా పోతున్నట్టు ఉంటుంది. మొదటిసారి దిగినవాళ్లు మెడ నొప్పెట్టేదాకా పైకే చూస్తారు.

ఆ హాలుకి నేల వేసింది ఆవిడ భర్త. ఆయన వడ్రంగి మేస్త్రి. ఇంట్లో ఆవిడ ఆయన్ని ఏమండీ అంటుంది, పని దగ్గర మేస్త్రిగారూ అంటుంది. ఆయన మాత్రం పని దగ్గర మేడమ్ అంటాడు, అందులో సగం మర్యాద, సగం వెటకారం. గోడ నుంచి గోడ దాకా చెక్కే. ఒక్కో పలకా తనే ఎంచి, తనే చిత్రిక పట్టి, ఒకదాని అంచు పక్కదాని గాడిలోకి దూరేలా బిగించి, రెండేళ్లు దాని మీదే మోకాళ్లు అరగదీసుకున్నాడు. కింద కాంక్రీటులోకి ఒక్క మేకు కూడా దిగడానికి వీల్లేదని ఆవిడ ఆంక్ష. నది మట్టం కన్నా కింద ఉన్న హాలు అది, సూది బెజ్జం పడినా నీరు ఊరుతుంది. మేకు కొట్టకుండా పరవడానికి ఇది నేలా, చాపా అని ఆయన నెల రోజులు సణిగాడు. తర్వాత అడ్డకర్రలు ఊరికే కాంక్రీటు మీద పరిచి, వాటి మీద పలకలు కూర్చి, చెక్క ఉబ్బితే సర్దుకోవడానికి గోడల వెంట వేలెడు సందు వదిలాడు. ఆ నేల మీద ఊరి పిల్లలు గంతులు వేస్తారు, పెద్దవాళ్లు వ్యాయామం చేస్తారు, అందరూ వట్టికాళ్లతోనే. సెలవు రోజున ఆయన వెళ్లి చెంప నేలకి ఆనించి పడుకుని, ఎక్కడైనా ఎత్తుపల్లాలు వచ్చాయేమోనని ఒంటికన్ను మూసి చూస్తాడు. కన్నబిడ్డకి జ్వరం వచ్చిందేమో చూసే తండ్రి కూడా అంత శ్రద్ధగా చూడడు.

ఆ ఏడు నది పొంగింది. మామూలు పొంగు కాదు, ముసలివాళ్లు కూడా ఎరగని పొంగు. ఆర్కిటెక్టు అప్పుడు వేరే ఊళ్లో పని మీద ఉంది. రోడ్లు తెగిపోయి, దొరికిన బండినల్లా ఎక్కి, ఒక మధ్యాహ్నం ఎలాగో వచ్చి పడింది. వస్తూనే ఇంటికి కూడా వెళ్లకుండా హాలుకి పరుగెత్తింది. అక్కడ మేనేజరు గెలిచిన పహిల్వానులా నిలబడి ఉన్నాడు. పాపం, మంచివాడు. హాలుని కంటికి రెప్పలా చూసుకుంటాడు, గోడ మీద చిన్న మరక కనిపిస్తే అన్నం సహించదు. ఊళ్లో కుర్రాళ్లని పోగేసి నది వైపంతా ఇసుక బస్తాలు పేర్పించాడు. కింది హాలులోకి ఒక్క చుక్క రాలేదని, కావాలంటే తడిమి చూసుకోమని ఎదురొచ్చి మరీ చెప్పాడు. అత్తగారు అప్పటికే అక్కడ చేరి, బస్తాలు వంకరగా పెట్టారని అందరికీ వంకలు పెడుతోంది.

ఆవిడ లోపలికి అడుగు వేయబోయి తట్టుకుని తూలింది.

ముందు తనే సరిగ్గా చూసుకోలేదు అనుకుంది. కిందికి చూసింది. బయటి రాయికీ లోపలి రాయికీ మధ్య అతుకు దగ్గర లోపలి రాయి బొటనవేలి మందాన పైకి వచ్చి ఉంది. గడప లేని భవనానికి గడప మొలిచింది. మోకాళ్ల మీద కూర్చుని అతుకు మీద వేళ్లు పెట్టింది. రాయి సన్నగా వణుకుతోంది.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం. ఆ కట్టడంలో ఏ గోడ ఎంత బరువో, ఏ దూలం ఎంత మోస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. అంత రాయి, అంత ఇనుము, అంత కాంక్రీటు, అన్నీ కలిపి నది పైకెత్తుతోంది. చప్పుడు లేదు, హడావిడి లేదు. నిద్రపోతున్న పిల్లని అమ్మ ఎత్తుకున్నట్టు ఎత్తుతోంది. ఒక్క క్షణం అలాగే చెయ్యి తీయకుండా ఉండిపోయింది.

మేనేజరుకి అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. ఖాళీ గిన్నెని బకెట్టు నీళ్లలో అదిమిపెట్టి చెయ్యి తీసేస్తే ఏమవుతుంది? ఈ హాలూ అంతే, నీళ్లలో పెట్టిన ఖాళీ గిన్నె. నది, బయటి గోడ మీద గీసిన ఎర్రగీత దాటితే మనమే లోపలికి నీళ్లు వదిలి గిన్నెని బరువెక్కించాలి. అందుకే పైన వాల్వు చక్రం పెట్టింది. ఈ మాట ప్రతి మీటింగులోనూ చెప్పింది, అందరూ తలలూపారు. ఎర్రగీత ఏదీ అని అడిగితే మేనేజరు నున్నటి గోడ చూపించాడు. ప్రారంభోత్సవానికి ముందు అసహ్యంగా ఉందని తనే దాని మీద రంగు వేయించాడట. కమిటీ పెద్దకి ఫోన్ చేస్తే, అన్నీ విని, బాధ్యత మీదేనమ్మా అని పెట్టేశాడు.

ఆవిడ చక్రం వైపు కదిలేసరికి భర్త అడ్డం వచ్చాడు. అప్పుడే పనిముట్ల సంచితో పరుగెత్తుకొచ్చాడు, మనిషి నిలువెల్లా తడిసి ఉన్నాడు. విషయం విన్నాడు, కాదనలేదు. ఒక్కటే అడిగాడు.

"సాయంత్రం దాకా ఆగు. పలకలు విప్పి పైకి చేర్చేస్తాను. కుర్రాళ్లున్నారు, నేనున్నాను. సాయంత్రం దాకానే."

మేడమ్ అనలేదు. ఆయన గొంతు అలా ఉండగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. తలుపు దగ్గర అతుకు వైపు చూసింది. ఇందాకటి కన్నా ఇంకో వేలు లేచింది. గట్టు వైపు ఎక్కడో పైపు విరిగిన చప్పుడు వినిపించింది. లేచిన భవనం కిందికి బురద చేరిందంటే ఇక అది దాని చోటికి దిగదు. ఒరుగుతుంది, చీలుతుంది. అద్దం పగిలితే ఆ నీళ్లకి పక్క వీధి కూడా మిగలదు.

"లేదండీ. సాయంత్రం దాకా ఇది ఆగదు," అంది.

ఆయన సంచి కింద పెట్టేశాడు. తిట్టలేదు, బతిమాలలేదు. మెట్లు సగం దిగి, ఆవిడకి వీపు పెట్టి, తన నేలని చూస్తూ కూర్చున్నాడు. అరిచినా బాగుండేదని ఆవిడకి అనిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అడిగింది ఏదీ లేదు, అడిగిన ఆ ఒక్కటీ కాదనాల్సి వచ్చింది. ఇక ఈ మనిషి తన ముఖం చూడడేమో, చూసినా మునుపటిలా చూడడేమో అని భయం వేసింది. చక్రం మీద చేతులైతే పెట్టింది గానీ తిప్పడానికి బలం చాలలేదు. అత్తగారు వచ్చి, ఏమీ అనకుండా, అదే ఒక వింత, కోడలి చేతుల పక్కన తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు.

గోడ అడుగునున్న తూముల్లోంచి నది లోపలికి వచ్చింది. దూకలేదు. పిలిస్తే వచ్చిన చుట్టంలా నెమ్మదిగా, గోధుమరంగులో, గోడ వార సందులోకి జారి నేల కిందికి వెళ్లిపోయింది. కాసేపు ఏమీ కనిపించలేదు, ఎక్కడో అడుగున గుటకలు వేస్తున్న చప్పుడు తప్ప. ఆవిడ అత్తగారిని అతుకు దగ్గర కాపలా కూర్చోమని చెప్పి మెట్ల మొదట్లో నిలబడింది. ఇప్పుడు పలకల సందుల్లోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, పలకలు విడివిడిగా లేచి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, అదంతా ఆయన కళ్లారా చూడాలి. కళ్లు మూసుకుందామనుకుంది. తను చేసిన పనిని తను చూడకపోవడం అన్యాయమనిపించి తెరిచే ఉంచింది.

నేల కదిలింది. ఒక చోట కాదు, మొత్తం నేల. గోడ నుంచి గోడ దాకా, ఏకంగా, పళ్లెం ఎత్తినట్టు పైకి లేచింది. ఒక్క పలకా ఊడలేదు, ఒక్క సందూ విచ్చలేదు. మేకు లేని నేల కదా, కిందికి పట్టి ఉంచేది ఏదీ లేదు. ఆవిడ ఆంక్షా ఆయన సణుగుడూ కలిసి ఏం తయారు చేశాయో అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు. గోడల వెంట ఆయన వదిలిన వేలెడు సందులో నీళ్లు సన్నగా మెరుస్తున్నాయి. నేల మెట్టు మెట్టునీ పలకరిస్తూ పైకి వస్తోంది. కప్పు కింద దీపాల వెలుగు దాని మీద చెక్కుచెదరకుండా అలాగే పడి ఉంది.

భర్త కూర్చున్న మెట్టు దాకా వచ్చింది. ఆయన లేచి పై మెట్టు ఎక్కాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఎక్కాడు. అలా నేల ఆయన్ని వెనక్కి వెనక్కి నడిపిస్తూ భార్య పక్కకి తెచ్చి నిలబెట్టింది. మేనేజరు నోరు వెళ్లబెట్టి, చేతిలో తాళాలు జారిపోయినా వంగి తీసుకోలేదు. భవనం లోతుల్లోంచి ఒక మూలుగు వినిపించింది, బరువు దించుకున్న కూలీ మూలిగినట్టు.

"దిగిందే అమ్మాయ్," అంది పైనుంచి అత్తగారు. "సమానమైపోయింది. అరచెయ్యి పెట్టి చూశాను."

నేల ఆగింది. అద్దానికి అవతల నది, ఇవతల చెక్క నేల, రెండూ ఒకే మట్టానికి వచ్చి ఆగాయి. మధ్యలో అద్దం ఉందని కూడా మరిచిపోయేలా ఉంది. ఒడ్డు, గోడ, లోపల, బయట, ఆవిడ ఇన్నేళ్లు గీసిన గీతలన్నీ నది ఒక్క పూటలో చెరిపేసింది. తన బుద్ధి అంతా ధారపోసి కట్టినా ఇంత అందం తన చేతుల్లోంచి రాలేదని ఆవిడకి తెలుసు. సిగ్గనిపించలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా చూస్తూ నిలబడింది.

ఆయన మెట్టు మీద వంగి, అలవాటు కొద్దీ ఒంటికన్ను మూసి, నేల అంచు వెంట చూపు సారించాడు. చాలాసేపు చూశాడు. వెంట్రుకవాసి ఎత్తూ లేదు, పల్లమూ లేదు. నీళ్లకి అబద్ధం చెప్పడం చేతకాదు కదా. రెండేళ్లు మోకాళ్ల మీద కూర్చుని చేసినా తనకే నమ్మకం కుదరని పనికి ఇప్పుడు నది సాక్షి.

"రెండు రోజుల్లో చెక్క ఉబ్బుతుంది. తర్వాత విరుగుతుంది," అన్నాడు, ఆవిడ వైపు చూడకుండానే.

ఆవిడ అవునంది.

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కుడికాలు నేల మీద వేసి బరువు మోపాడు. నేల కొద్దిగా ఒదిగి, ఆయన్ని మోసింది. రెండో కాలూ వేశాడు. మేనేజరు కెవ్వుమన్నాడు, ఆయన వినిపించుకోలేదు. నాలుగడుగులు నడిచి, మధ్యకి వెళ్లి, వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. ఆ ముఖంలో కోపం కోసం వెతికింది ఆవిడ, కనిపించలేదు.

"ఇవాళ్టికి నేలే," అన్నాడు. "రా."

ఆ భవనంలో ఆవిడ లెక్క కట్టని బరువు లేదు. నీళ్ల మీద ఈ ఇద్దరి బరువు మాత్రం కట్టలేదు. చెప్పులు విప్పేసి, ఆయన చెయ్యి పట్టుకుని నది మీదికి అడుగు వేసింది.