ఆరని సంతకం

మాజీ మేయరు పొద్దున్నే లేచి, కుట్టుమిషనుకి నూనె వేసి, బడిపిల్లల యూనిఫారాలు ముందేసుకుని కూర్చుంటుంది. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ పని అదే, ఓడిపోయాకా అదే. మధ్యలో పదేళ్ళు కౌన్సిలరుగా, ఐదేళ్ళు మేయరుగా నగరాన్ని ఏలింది గానీ కాజాలు కుట్టడం మాత్రం మర్చిపోలేదు. మొదటిసారి పదకొండు ఓట్లతో గట్టెక్కింది. ఆ పదకొండు మందీ ఎవరో వస్తే చొక్కాలు కుట్టిపెడతానంది. ఎనభై మంది వచ్చి కొలతలిచ్చారు. కాదనలేక అందరికీ కుట్టింది. వీధిలో వాళ్ళకి ఇప్పటికీ ఆవిడ మేయరమ్మే.

ఆవిడ సంతకానికో గుణం ఉండేది. ఏ పని కోసం పెట్టిందో అది పూర్తయ్యేదాకా సిరా ఆరేది కాదు. బస్టాపు షెడ్డు సంతకం మూడు నెలల్లో ఆరింది. కాలువ మీద వంతెనది రెండేళ్ళు పట్టింది. కాంట్రాక్టరు సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపితే సిరా జిగురు జిగురుగా అయి అక్కడే ఆగిపోయేది. పడగొట్టి మళ్ళీ కట్టాల్సిందే, వేరే దారి లేదు. అందుకని మునిసిపల్ ఆఫీసులో ఒక గదికి తాళ్ళు కట్టి, ఫైళ్ళు తెరిచి, క్లిప్పులు పెట్టి ఆరేసేవారు. దాన్ని తడిగది అనేవారు. పెద్ద గుమాస్తా రోజూ సాయంత్రం ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చూసి, ఆరినవాటిని దించి బీరువాలో పెట్టేవాడు. "మా రోడ్డు ఆరిందా అండీ?" అని జనం ఫోన్ చేసి కనుక్కునేవారు.

ఒక గురువారం ఉదయం ఆవిడ గుమ్మంలోకి వాల్వు మనిషి వచ్చింది. ఆరో వార్డుకి నీళ్ళు వదిలేది ఈమే. భర్త పోయాక ఆయన దగ్గరున్న వాల్వు గుంత తాళంచెవి ఈమె చేతికొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా రెండు పూటలా వీధి గుంతలోకి దిగి ఇనుప చక్రం తిప్పుతోంది. ఇప్పటికీ దినకూలీయే.

"రేపటిలోగా పర్మనెంటు ఆర్డరు చూపించకపోతే తాళంచెవి కాంట్రాక్టరు మనిషికి ఇచ్చెయ్యమన్నారమ్మా."

"నా చివరి రోజున సంతకం పెట్టానే!"

"పెట్టారని అందరికీ తెలుసు. కాగితమే దొరకట్లేదు. ఆరేళ్ళుగా చెప్పులరిగేలా తిరుగుతున్నా. మీరు దిగిపోయాక మిమ్మల్నేం ఇబ్బంది పెట్టడంలే అని..."

"అడగందే అమ్మైనా పెట్టదు. ఆరేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఆ చక్రం తిప్పడం తప్ప నాకింకో పని రాదమ్మా. ఈ వయసులో నాకెవరిస్తారు?"

మాజీ మేయరు కత్తెర పక్కన పెట్టి చెప్పులేసుకుంది.

ఆఫీసులో అందరిలాగే టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చుంది. కాళ్ళు నేలకందలేదు. "అయ్యో, దీనిమీదేనా ఐదేళ్ళూ జనాన్ని కూర్చోబెట్టాను!" అని నొచ్చుకుంది. పక్కనున్న ముసలాయన నవ్వాడు. "వంతెన మాత్రం బావుందమ్మా. మా మనవలు బూట్లు తడవకుండా బడికెళ్తున్నారు. మీ చలవే."

ఇంతలో సంగతి తెలిసి పెద్ద గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. కాగితం మాట ఎత్తేసరికి నీళ్ళు నమిలాడు. కొత్త మేయరు వచ్చిన వారం తను సెలవులో ఉన్నాడట. కుర్చీలు పెట్టుకోవడానికి చోటు చాలక కొత్తవాళ్ళు తడిగది ఖాళీ చేసి, ఫైళ్ళన్నీ తడితడిగానే మూసి, కట్టలు కట్టి పడేశారు. ఏది దేనికి అంటుకుపోయిందో దేవుడికే తెలియాలి.

"అయితే నంబరు పట్టుకుని వెతక్కండి, చేత్తో వెతకండి. పని కాలేదు కాబట్టి తడి ఉండి తీరాలి," అంది మాజీ మేయరు.

ముగ్గురూ రికార్డు గదిలోకి వెళ్ళారు. ఇద్దరు పెద్దవాళ్ళూ కట్టలు నొక్కుకుంటూ నెమ్మదిగా కదిలారు. వాల్వు మనిషి మాత్రం అరల మీద అరచెయ్యి ఆనించి నడిచింది. రోడ్డు కింద పైపు ఎక్కడ కారుతోందో పైనుంచి తడిమి చెప్పగల చెయ్యి అది. మూడో అర దగ్గర ఆగింది.

"ఇక్కడమ్మా."

కట్ట విప్పితే పద్నాలుగు ఫైళ్ళ లోతుకి సిరా దిగి ఉంది. అన్నిటికన్నా పైన, కుక్కలు పట్టే వలల టెండరు వెనకాల ఆర్డరు అంటుకుని ఉంది. సంతకం ఇప్పుడే పెట్టినట్టు మెరుస్తోంది.

ముగ్గురూ ఆ కాగితం పట్టుకుని కమిషనరు గదికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు, కొత్తవాడు. "ఆర్డరు గడువు మూడేళ్ళే కదండీ. ఇది ఆరేళ్ళ నాటిది," అన్నాడు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారికి ఎదురుచెప్పని పెద్ద గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "సంతకం ఆరిన రోజు నుంచి సార్ గడువు. ఈ ఆఫీసులో ఎప్పుడూ అదే పద్ధతి. ఇది ఆరలేదు కాబట్టి మొదలే కాలేదు."

కమిషనరు వేలు పెట్టి చూశాడు. వేలు నీలమైంది. ఆ వేలికేసీ, వాల్వు మనిషికేసీ కాసేపు చూశాడు. "సరే, నేనెక్కడ పెట్టాలి?" అన్నాడు.

ఆయన సంతకం చేసి, ముద్ర వేసి, పర్మనెంటు రిజిస్టరులో పేరు ఎక్కిస్తుంటే పాత సిరా మెల్లగా మెరుపు తగ్గి, మొదటి అక్షరం నుంచి ఆరుకుంటూ పోయింది.

"ఆఖరిది ఇదేనమ్మా. మిగతా పనులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంక మీ సంతకాల్లో తడిది ఏదీ లేదు," అన్నాడు పెద్ద గుమాస్తా.

మాజీ మేయరు కాగితం తడిమి చూసుకుంది. ఓట్లు లెక్కపెట్టిన రోజున కాదు, ఇదిగో ఇవాళ తను పదవి దిగింది. గుండె తేలికపడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వాల్వు మనిషి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నీ రుణం తీర్చుకోలేను తల్లీ. నువ్వు రాకపోతే ఒక పని మిగిల్చేసి పోయేదాన్ని."

"ఊరుకోండమ్మా, ఆ మాట నేను కదా అనాల్సింది!" అని ఆమె కూడా ఏడ్చేసింది. అంతలోనే గోడ గడియారం చూసి, "అమ్మో, నాలుగైపోయింది!" అని తాళంచెవి బొడ్లో దోపుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

ఆ సాయంత్రం ఆరో వార్డుకి నీళ్ళు అరగంట ఎక్కువ వచ్చాయి. బిందెలు, బకెట్లు, గిన్నెలు, చివరికి గ్లాసులు కూడా నిండాయి. చక్రం తిప్పి నీళ్ళెందుకు కట్టెయ్యలేదని ఎవరూ వెళ్ళి అడగలేదు.