నిమ్మచెట్టుకు కత్తెర, ఏసీకి గోనెసంచి

దశరథం కూతురింటికి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. భార్య రేణుకమ్మకు నిజామాబాద్‌లో తుంటి ఎముక ఆపరేషన్ అయింది. బోధన్ అవతలి ఊరి నుంచి మాటిమాటికీ డాక్టరు దగ్గరికి తిప్పడం కష్టమని కూతురు శ్రీవాణి ఇద్దరినీ కంఠేశ్వర్‌లోని తన ఇంటికి తీసుకొచ్చింది. శ్రీవాణి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అల్లుడికి ముప్కాల్ దిక్కు ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు. పగలంతా ఇంట్లో భార్యాభర్తలిద్దరే.

రేణుకమ్మ మంచం వెనక గదిలో, కిటికీ పక్కన వేశారు. కిటికీ బయట పన్నెండు అడుగుల పెరడు. అందులో ఏడేళ్ళ నిమ్మచెట్టు, రెండు మల్లె కుండీలు, ఒక కరివేపాకు. నిమ్మచెట్టు నీడలో, గోడ పక్కన ఇనుప స్టాండు మీద ఏసీ బయటి డబ్బా.

"బాపూ, నీకు పొద్దు పోతలేదు గదా. గా పెరడు జర సూసుకో. ఎండలు ముదురుతున్నయ్," అంది శ్రీవాణి ఒక రోజు డ్యూటీకి పోతూ.

ముప్ఫై ఏళ్ళు చెరుకు, ఆ తర్వాత వరి పండించిన మనిషికి పన్నెండు అడుగుల పెరడు ఒక లెక్కా? దశరథం తువ్వాల భుజాన వేసుకుని హుషారుగానే దిగాడు. దిగాక తెలిసింది, తనకేమీ తెలియదని. ఊళ్ళో కాలువ ఎప్పుడు వస్తుందో, మడి ఎప్పుడు తడి కోరుతుందో కాలితో తొక్కి చెప్పేవాడు. ఇక్కడ మట్టి సగం ఇటుక ముక్కలు. బోరు నీళ్ళు పోస్తే పైన తెల్లగా పొడి తేలుతోంది. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు. నిమ్మాకులు కొన్ని పచ్చగా, కొన్ని పసుపుగా ఉన్నాయి. నీళ్ళు ఎక్కువైనా పసుపే, తక్కువైనా పసుపే. ఇది ఏ పసుపో ఆయనకు అంతుపట్టలేదు.

పక్కింటి లక్ష్మీరాజం గోడ మీదుగా తొంగి చూశాడు. ఆయన రిటైరైన గుమాస్తా, చేతిలో ఫోను లేకుండా ఎప్పుడూ కనపడడు.

"ఏం దశరథమన్నా, చెట్టుతోని పంచాయితీ పెట్టినవా?"

"నీళ్ళు పొయ్యాల్నా వద్దా సమజైతలేదు సారూ."

"ఆగు, నీకో వీడియో పంపుత. తెలుగాయనే, మంచిగ చెప్తడు."

వీడియో నాలుగు నిమిషాలు. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక మనిషి, వెనక మబ్బు తునక లేని ఆకాశం. మార్చి నెలలోనే పెరడును ఎండాకాలానికి తయారు చేసుకోవాలన్నాడు. అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మలు తీసేయాలన్నాడు. నేల మీద కంకర పరిస్తే తేమ పోదన్నాడు. రోజూ కాసిన్ని నీళ్ళు పోయడం మానుకోమన్నాడు. ఏసీ డబ్బా చుట్టూ రెండడుగుల జాగా ఖాళీగా ఉంచాలన్నాడు. అక్కడితో ఆగిపోయింది.

దశరథం ఆ వీడియో ఆరుసార్లు చూశాడు. అంత స్పష్టంగా చెప్పేవాడిని ఆయన ఈ మధ్యకాలంలో చూడలేదు. చెరుకు బందు పెట్టినప్పటి నుంచి ఏ పంట వేయాలన్నా పది మంది పది మాటలు చెప్పేవారు. ఈయన ఒక్కటే మాట చెప్తున్నాడు, అదీ నవ్వుతూ.

మూడు రోజుల్లో పని అయిపోయింది. కత్తి పట్టి నిమ్మచెట్టు కొమ్మలు కొట్టాడు. ఏది అడ్డదిడ్డమో తేల్చుకోలేక, డబ్బా వైపు ఉన్నవన్నీ తీసేశాడు. ట్రాలీ ఆటోలో కంకర తెప్పించి పెరడంతా పరిచాడు. నీళ్ళు ఆపేశాడు.

రేణుకమ్మ కిటికీలోంచి అంతా చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం దశరథానికి వింతగా తోచింది. మెచ్చుకుందో, కోపగించుకుందో తెలియలేదు.

"ఎట్లుంది?" అని అడిగాడు.

"ఏముంది, సాపుగుంది," అని మొహం అటు తిప్పుకుంది.

ఆ వారమే ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కాగానే కంకర నిప్పులా కాలుతోంది. ఇంతకుముందు నీడలో ఉన్న ఏసీ డబ్బా మీద ఇప్పుడు సూటిగా ఎండ పడుతోంది. గదిలో ఏసీ నడుస్తోంది గాని చల్లదనం లేదు. దశరథం రిమోట్ మీద అంకె తగ్గించాడు. ఇరవై నాలుగు, ఇరవై, పద్దెనిమిది. గాలి మాత్రం అదే.

"సారూ, చెప్పినట్టే చేసిన. ఇల్లు మాత్రం ఎక్కువ గరమైంది," అన్నాడు గోడ దగ్గర నిలబడి.

లక్ష్మీరాజం ఆలోచించాడు. "డబ్బా మీద ఎండ కొడుతున్నది గదా. నీడ పెట్టు మరి."

నీడ తీసిందీ తనే, మళ్ళీ పెట్టేదీ తనే. ఇందులో ఎక్కడో తిరకాసు ఉందని దశరథానికి అనిపించింది. కాని అది ఎక్కడుందో దొరకలేదు. చివరికి ఒక గోనెసంచి నీళ్ళలో ముంచి డబ్బా మీద, ముందూ పక్కలూ కప్పి తాడుతో కట్టాడు. ఊళ్ళో నీళ్ళ కుండకు తడిగుడ్డ చుడితే చల్లబడదా, ఇదీ అంతేననుకున్నాడు.

మరునాడు రెండు గంటలకు ఏసీ ఒక్కసారి గురగురమని ఆగిపోయింది. మళ్ళీ వేస్తే పది నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. పైన ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది. రేణుకమ్మ జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. కట్టు ఉన్న కాలు కదపలేక, "కండ్లు తిరుగుతున్నయయ్యా," అంది సన్నగా.

దశరథం తువ్వాల తడిపి ఆమె మొహం, మెడ తుడిచాడు. ఉప్పేసిన మజ్జిగ తాగించాడు. కూతురికి ఫోను చేస్తే, "నేను వార్డుల ఉన్న బాపూ. మంచం ముందుగదికి జరుపు, కూలరేయి. ఏసీలు బాగుచేసే మన్సూర్ అన్నను పంపుత," అంది. చక్రాలు లేని మంచాన్ని ఆయన ఒక్కడే అంగుళం అంగుళం ఈడ్చుకుంటూ గడప దగ్గరిదాకా తెచ్చాడు. గడప దాటించలేక అక్కడే ఆగి, కూలర్‌ను గడప అవతల పెట్టి నడిపాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, "ఇప్పుడు నయం," అంది. అప్పుడు గాని ఆయన కింద కూర్చోలేదు.

మన్సూర్ అరగంటలో వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. పెరట్లోకి అడుగు పెట్టి గోనెసంచి చూడగానే నిలబడిపోయాడు.

"అరె కాకా! గిదేంది? మనిషి మూతికి సంచి కట్టి ఉరుకుమన్నట్టుంది!"

తాడు కోసి సంచి తీసేశాడు. లోపలి నుంచి వేడి సెగ కొట్టింది. డబ్బా జాలీ నిండా కంకర దుమ్ము మేట వేసినట్టు పట్టి ఉంది. కరెంటు ఆపి, మెల్లగా నీళ్ళు కొట్టి కడిగాడు. బురద కారింది.

"ఇంట్ల వేడి గీడనుంచే బయటికి పోవాలె కాకా. తొవ్వ మూస్తే యాడికి పోతది?"

"ఎండ కొట్టొద్దనే గదా కప్పిన?"

"ఎండ కొట్టొద్దు, నిజమే. గాలి ఆగొద్దు, గదీ నిజమే."

"చెట్టు నీడ ఉంటే మంచిదా, చెడ్డా? జాగా ఖాళీ చెయ్యమంటే చెట్టు కొట్టిన."

"దగ్గర రాసుకునే కొమ్మలు తియ్యాలె. మీద నీడిచ్చేటివి ఉంచాలె. గింత కంకర ఎవరు పొయ్యమన్నరు?"

దశరథం ఫోను ఇచ్చాడు. మన్సూర్ ఒక నిమిషం చూసి నవ్వాడు.

"కాకా, గీ ఇసుక సూడు. ఎనక గా ముండ్ల చెట్లు సూడు. ఇది ఎడారి. నేను ఎనిమిదేండ్లు ఖతర్‌ల ఏసీల పనే చేసిన, గసొంటి జాగనే. ఆడ వాన పడదు, మొక్కలు వేరే. మనకు జూన్‌ల వాన పడ్తది, గీ కంకర కింద బురదైతది. పైగా ఇది సగమే వీడియో. ఎవరో కోసి పంపిండ్రు."

మన్సూర్ తన ఫోనులో వెతికి పూర్తి వీడియో పెట్టాడు. పదకొండు నిమిషాలుంది. దశరథం నిలబడే విన్నాడు. టోపీ మనిషి చివర్లో చెప్తున్నాడు: నిమ్మజాతి చెట్లను ఎండల ముందు ఎక్కువ కొట్టకండి, బెరడు కాలిపోతుంది, కొట్టేస్తే మొదలుకు సున్నం వేయండి. నీళ్ళు రోజూ కొద్దిగా కాదు, నాలుగైదు రోజులకొకసారి లోతుగా పోయండి. ఏసీ డబ్బాను దేనితోనూ కప్పకండి.

ఎవరిని అనాలో దశరథానికి తోచలేదు. ఆ మనిషిని తప్పుపడదామంటే ఆయన సరిగానే చెప్పాడు. లక్ష్మీరాజాన్ని తప్పుపడదామంటే మంచి కోరే పంపాడు. తనను తాను తప్పుపడదామంటే, చెప్పింది చెప్పినట్టే చేశాడు.

మన్సూర్ పోయాక మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఏసీ మళ్ళీ నడుస్తోంది.

"చెట్టు కొడ్తుంటే ఒక్క మాట అననైతివి," అన్నాడు.

రేణుకమ్మ ఆయన వైపు తల తిప్పింది. "నన్నడిగినవా? చెరుకు నరికిచ్చినా, నారు పోసినా ముప్ఫై ఏండ్లు నన్నడిగే చేసినవ్. ఈడికొచ్చినంక ఫోన్నడుగుతున్నవ్. నేను మంచంల పడ్డ, ఇగ నన్నడిగేదేముందనుకుంటివేమోనని ఊకున్న."

దశరథం అట్లా అనుకోలేదని చెప్పబోయాడు. అనుకున్నాడో లేదో ఆయనకే తెలియలేదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆమెను మాత్రలేసుకున్నవా, బువ్వ తిన్నవా అని తప్ప ఇంకేమీ అడగలేదన్నది మాత్రం నిజం.

"నీకు కష్టమైతదని అడగలే," అన్నాడు చివరికి.

"మాట్లాడితే తుంటి నొయ్యదు."

సాయంత్రం శ్రీవాణి వచ్చి తల్లికి బీపీ చూసింది, తండ్రి మీద అరవబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. మరునాటి నుంచి ఆయన కంకర ఎత్తడం మొదలుపెట్టాడు. ఈసారి కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. మొదలుకు సున్నం వేయమంది రేణుకమ్మ. పాదు మొదట్లో కాదు, కొమ్మల అంచు కింద తవ్వమంది. ఎండు గడ్డి పరవమంది. డబ్బాకు పైన ఎత్తులో, గాలి ఆడేటట్టు మన్సూర్ నీడ కోసం పచ్చ వల కట్టిపోయాడు.

మే చివరికి కొట్టిన కొమ్మల పక్కన ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. అది సున్నం వల్లనా, గడ్డి వల్లనా, లోతుగా పోసిన నీళ్ళ వల్లనా దశరథం చెప్పలేడు. డబ్బా వైపు రెండు కొమ్మలు మాత్రం ఎండిపోయినట్టున్నాయి. వాటిని తీయాలా, వానల దాకా ఉంచాలా అని కత్తి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

రేణుకమ్మ అప్పటికి వాకర్‌తో పెరటి గుమ్మం దాకా నడుస్తోంది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఏమంటవ్?"

ఆమె గోరుతో కొమ్మను గీరి చూడమంది. గీరాడు. పైన బూడిదరంగు, లోపల సన్నటి పచ్చ గీత.

"ఉంచుదాం," అంది.

"నిజంగ బతుకుతదా?"

"నాకేమెరుక? సూద్దాం," అంది రేణుకమ్మ. దశరథం కత్తి పక్కన పెట్టి, ఆమెకు కుర్చీ తేవడానికి లోపలికి వెళ్ళాడు.